దిగంతాన్ని గీసినవాళ్లు

కెనడాలో మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బర్టా రాష్ట్రాల దక్షిణ భాగంలో చాలావరకు ప్రెయిరీ మైదానమే. యూరప్ పద్ధతిలో బొమ్మలు నేర్చినవారికి అది కొరకరాని కొయ్య. ముందు చెట్టు, నడుమ నది, వెనక కొండ ఉంటేనే వాళ్ల లెక్కలో అది ప్రకృతి చిత్రం.

చిత్రకారుడు పాల్ కేన్ 1846లో తోళ్ల వర్తకుల వెంట పడమటికి వెళ్లాడు. అక్కడికక్కడే గీసిన స్కెచ్‌లలో జీవం ఉంది. టొరంటోకు వచ్చి వాటిని తైలవర్ణాల్లోకి పెంచేసరికి ఆకాశం కారుమబ్బులతో నిండింది, గుర్రాలు అరబ్బీ గుర్రాలయ్యాయి. అస్సినిబోయిన్ తెగ వేటగాళ్లు బైసన్‌ను తరిమే చిత్రానికి ఒక ఇటాలియన్ ముద్రణ చిత్రం మూలమని తర్వాత పరిశోధకులు తేల్చారు. కళ్లారా చూసి కూడా గీసేటప్పుడు చదువుకున్నదే చేతికి వచ్చింది!

1885లో ఖండం దాటిన రైలు గోధుమ రైతులను తెచ్చింది. వెనకే వచ్చిన చిత్రకారుడు సి.డబ్ల్యు. జెఫరీస్ ఇక్కడి ఎండను పట్టుకున్నాడు. విన్నిపెగ్‌లో పుట్టిన లయొనెల్ ఫిట్జెరాల్డ్‌కు ఇది సొంత ఊరి వెలుగు. 1932లో 'గ్రూప్ ఆఫ్ సెవెన్' చిత్రకారులు ఆయనను తమలో కలుపుకున్నారు.

నాకు మరీ ఇష్టుడు రాబర్ట్ హర్లీ. లండన్ నుంచి 1923లో సస్కాచెవాన్ వచ్చాడు, ఆర్థికమాంద్యంలో పని దొరకక నీటిరంగులు పట్టాడు. కాగితం అడుగున సన్నని పట్టీలా నేల, దూరం పోయేకొద్దీ పొట్టివయ్యే టెలిగ్రాఫ్ స్తంభాలు, వాటి చివర ధాన్యం నిలవచేసే కొయ్య ఎలివేటర్. మిగతాదంతా ఆకాశం. చెట్టూ కొండా లేవన్న బెంగ ఆ బొమ్మల్లో ఎక్కడా కనబడదు.

1962లో సస్కాచెవాన్‌లోని ఎమ్మా లేక్ చిత్రకారుల శిబిరానికి వచ్చిన న్యూయార్క్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ నైరూప్య చిత్రకళకు పెద్ద దిక్కు. అలాంటి ఆయనే అక్కడి చిత్రకారిణి డొరొతీ నోల్స్‌ను ప్రకృతినే గీయమని ప్రోత్సహించాడు. ఆమె రంగును నీళ్లలా పలచన చేసి, కింది బొగ్గుగీతలు కనబడేలా పూసింది.

కేన్ తర్వాత వచ్చిన వీళ్లంతా ఖాళీ నేలను ఎలా గీయాలా అనే తలపోశారు. ఎవరికి ఖాళీ? ఆదివాసులకు కేటాయించిన రెడ్ ఫెజంట్ రిజర్వులో 1928లో పుట్టిన క్రీ తెగ చిత్రకారుడు అలెన్ శాప్ బొమ్మల్లో అదే మంచు, అదే ఆకాశం. అయితే కట్టెలు మోసే గుర్రపుబళ్లు, పెంచిన అమ్మమ్మ, పొరుగువాళ్లు వాటి నిండా ఉన్నారు. ప్రెయిరీ చిత్రకళ చరిత్రను కేన్‌తో మొదలుపెట్టే పుస్తకాలు శాప్‌ను చివరి అధ్యాయంలో పెడితే, ఆయన వాళ్లు కేన్ కంటే ముందునుంచీ ఈ నేలమీద ఉన్నవాళ్లే కనక, ఆ వరస సరికాదంటాను.