ఉప్పల్, నాచారములలో యువజనులు - ఎయిడ్స్ నివారణ బోధ

నూరేండ్ల చరిత్ర వ్రాయునప్పుడు కట్టిన దేవాలయములను, నడిపిన పాఠశాలలను తలంచుకొనుట మనకు వాడుక. అయితే మన యువజనులకు ప్రాణాపాయమైన ఒక వ్యాధిని గూర్చి సంఘము ఎప్పుడు నోరు విప్పినది అనునదియు చరిత్రయే.

1986లో మద్రాసున డాక్టర్ సునీతి సోలొమన్ గారి పర్యవేక్షణలో ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తపు నమూనాలలో హెచ్.ఐ.వి. మన దేశమున మొదటిసారి బయటపడెను. ఆ నమూనాలను పరీక్షించినది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. మరుసటి యేడే ప్రపంచ క్రైస్తవ సంఘముల మండలి, రోగులను వెలివేయక స్వస్థపరచు సమాజములుగా నుండవలెనని సంఘములకు పిలుపునిచ్చెను. క్రైస్తవ వైద్యశాలకు తెలిసిన సంగతి మన ప్రసంగ వేదికల నెక్కుటకు మాత్రము చాల యేండ్లు పట్టినది.

ప్రభుత్వము 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను, 1998లో రాష్ట్ర సంస్థను నెలకొల్పెను. 2003 ప్రాంతమున ‘పులిరాజా’ ప్రకటనలు వెలసినప్పుడు పెద్దలు ముఖము త్రిప్పుకొనిరి, పిల్లలు నవ్వుకొనిరి. ఏమైనను ఆ మాట ఇంటింట వినబడినది. అది చిన్న పని కాదు. 2009 అంచనాల ప్రకారము దేశమున హెచ్.ఐ.వి.తో జీవించు దాదాపు 24 లక్షల మందిలో 5 లక్షల మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే యుండిరి. కళాశాలలలో రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఏర్పడినది ఇందుకొరకే.

మన ప్రాంతమునకు ఈ సంగతి మరింత దగ్గర. వరంగల్ రహదారి మీదుగా జనగామ, భువనగిరుల నుండి చదువుకొనుటకు వచ్చు బిడ్డ బస్సు దిగునది ఉప్పల్‌లో. నాచారము పారిశ్రామికవాడ చుట్టునున్న అద్దె గదులలో పనివారితో పాటు విద్యార్థులును ఉందురు. చేతిలో ఫోను కలదు, అడుగుటకు పెద్దదిక్కు లేదు.

అందుచేత యువజన కూటములలో పేరు వ్రాయని చీటీలపై ప్రశ్నలు అడుగుడని మేము చెప్పుచుందుము. దోమ కుట్టిన వచ్చునా? కలిసి భుజించిన వచ్చునా? ప్రభురాత్రి భోజనమున అందరికిని పాత్ర ఒక్కటే గదా, దానివలన వచ్చునా? వీటిలో దేనివలనను రాదు. రక్షణ లేని లైంగిక సంబంధము, పరీక్షింపని రక్తము, ఒకరు వాడిన సూది, చికిత్స పొందని తల్లి నుండి బిడ్డకు - ఇవియే మార్గములు. వివాహమునకు ముందు పవిత్రతను బోధింపవలసినదే. కండోము వ్యాధిని అడ్డగించునని చెప్పుటయు సత్యము పలుకుటయే. దీనికి కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పుదురు. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరునాటికి ప్రాణముతో నుండవలెను గదా!

ఒక చీటీలో, “పరీక్ష చేయించుకొన్నచో పాస్టరుగారికి తెలియునా?” అని యున్నది. తెలియదు. 2018 సెప్టెంబరు 10న అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, సమ్మతి లేక పరీక్ష చేయుటయు, ఫలితమును ఇతరులకు వెల్లడించుటయు సాధారణముగా నిషిద్ధము. ప్రభుత్వాసుపత్రులలోని కేంద్రములలో పరీక్ష ఉచితము. 2004 ఏప్రిల్ 1 నుండి మందులును ఉచితమే. 2017 నుండి వ్యాధి తేలిన ప్రతివారికిని ఆలస్యము లేక చికిత్స ఇచ్చుచున్నారు. క్రమముగా మందు వాడి, పరీక్షలో వైరస్ కనబడని స్థితిలో నున్నవారి నుండి భార్యకు గాని భర్తకు గాని సంక్రమింపదు. అట్టివారు వివాహమాడవచ్చును, బిడ్డలను కనవచ్చును.

ఆ చీటీ ఎవరు వ్రాసిరో మేము విచారింపలేదు. సహాయవాణి నంబరు 1097ను మాత్రము దేవాలయపు నోటీసు బల్లపై, ఆరాధన వేళల క్రిందనే వ్రాయించితిమి.