ఇరుసు చెప్పిన మాట

రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, వచ్చే మోతను బట్టి దాని మంచిచెడ్డలు తేల్చడం యంత్రాల స్థితి పరిశీలనలో పాత పద్ధతుల్లో ఒకటి. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే: ఖంగుమంటే మంచిది, మోత బొంగురుపోతే బీటవారినట్టు. ఇరుసుపెట్టె మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కిందో లేదో చూడటమూ ఆ పనిలో భాగమే.

ఇరుసుల మీద ఇంత అనుమానం ఊరికే పుట్టలేదు. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజన్ ఇరుసు దారిలో విరిగింది. పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి నిప్పంటుకున్నాయి. తలుపులకు బయటినుంచి తాళాలు వేసి ఉండటంతో 50 మందికి పైగా చనిపోయారు. రోజూ మోసే బరువు కిందే ఇరుసు ఎందుకు విరిగిందన్నది ఇంజనీర్లను వేధించిన ప్రశ్న. పగులు ఒక మూల మొదలై నెమ్మదిగా లోపలికి పాకుతుందని మరుసటి ఏడాదే ఇంజనీరు రాంకిన్ చెప్పాడు. తర్వాత ప్రష్యాలో ఇంజనీరు వోలర్ ఇరుసులను లక్షలసార్లు తిప్పి, ఎంత ఒత్తిడికి ఎన్ని చుట్లు తట్టుకుంటాయో లెక్కగట్టాడు. పగులు కనబడటానికీ ఇరుసు విరగడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. పరిశీలనకు విలువంతా ఆ వ్యవధి వల్లే.

సుత్తికి చిన్న పగులు దొరకదు. పైగా విన్నది విన్నవాడి చెవిలోనే ఉండిపోతుంది. నిన్నటి మోతతో నేటి మోతను పోల్చే వీలు లేదు. పట్టా లోపలి పగులు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర అలాంటి పట్టా విరిగి 29 మంది పోయారు. 1928లో ఆవిష్కర్త స్పెర్రీ పట్టాల్లోకి విద్యుత్తు పంపి లోపాలు పట్టే బండిని నడిపించాడు.

అసలు మలుపు విమానాల దగ్గర వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాలను 50 గంటలకోసారి విప్పి చూసేవారు. విప్పిన వెంటనే మరమ్మతులు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నాయని శాస్త్రవేత్త వాడింగ్టన్ బృందం గమనించింది. బాగున్నదాన్ని కదిలించి పాడుచేస్తున్నారన్నమాట! 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నోలన్, హీప్ ఇచ్చిన నివేదికలో, వయసుతో అరిగి పాడయ్యే లక్షణం 11 శాతం భాగాల్లోనే కనిపించింది. మిగిలిన 89 శాతానికి, ఇన్ని గంటలకు మార్చాలి అన్న గడువు పెట్టి లాభం లేదు.

దాంతో కాలెండరు చూసే అలవాటు తగ్గి కంపనం, వేడి, నూనెలోని లోహపు రజను కొలతలకు విలువ పెరిగింది. ఒక్కరోజు అంకె చెప్పేది తక్కువ. వారాల తరబడి అది ఎంత వేగంగా ఎగబాకుతోందన్నదే విరిగే అవకాశాన్ని అంచనా వేయనిస్తుంది. ఆ అవకాశానికి, విరిగితే కలిగే నష్టాన్ని జోడిస్తే ముప్పు లెక్క తేలుతుంది. అదే పగులు యార్డులో మెల్లగా తిరిగే బండికి ఒక ఎత్తు, ఎక్స్‌ప్రెస్‌కు మరో ఎత్తు.

భారతీయ రైల్వేలో ఇప్పుడు కొన్నిచోట్ల పట్టాలకు బిగించిన సెన్సర్లు, చదును పడ్డ చక్రం కొట్టే దెబ్బను బండి నడుస్తుండగానే కొలిచి, ఏ పెట్టెను పక్కకు తీయాలో ముందే కబురు పంపుతున్నాయి.