దారిబత్తెం

ప్రయాణానికి బయలుదేరే మనిషి పూర్వం ముఖ్యంగా చూచుకొనేవి రెండు. ఒకటి ముహూర్తం, రెండవది దారిబత్తెం. ముహూర్తం తప్పితే మనసుకు వెలితి. బత్తెం తప్పితే ప్రాణానికే ముప్పు. ఈ మాట అనంతపురం పీఠభూమికి మరింతగా వర్తిస్తుంది. పడమటి కనుమల చాటున ఉండటంచేత ఈ సీమలో సాలుకు సగటున 55 సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురుస్తుంది. పెన్న, చిత్రావతి నదులు ఏడాదిలో చాలా నెలలు ఇసుక బయళ్ళుగానే కనిపిస్తాయి. అందుచేతనే 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఇక్కడ గొప్ప చెరువు కట్టించాడు. ఆ చెరువును ఆశ్రయించి వెలసినవే అనంతపురం, బుక్కరాయసముద్రం. నీరున్నచోట ఊరు, ఊరున్నచోట మజిలీ. ఈ నేలమీద బాటసారులు ఏమి తిని, ఏమి తాగి ప్రయాణం చేశారన్నది చరిత్రలో చిన్న విషయం కాదు.

కదిరి నరసింహస్వామి తిరునాళ్ళకో, తిరుపతికో కాలినడకనూ ఎడ్లబండ్లమీదా పోయేవారి మూటలలో జొన్నరొట్టెలు, బొరుగులు, అటుకులు, వేయించిన శెనగలు, కారప్పొడి, బెల్లం ఉండేవి. ఈ ఎంపిక వెనుక తరతరాల అనుభవం ఉన్నది. తడి ఆరేటట్లు కాల్చిన రొట్టె కొన్నాళ్ళపాటు చెడదు. వేయించిన గింజలో తేమ ఉండదు కనుక బూజు పట్టదు. రాగిసంగటి, మజ్జిగన్నం వంటి తడికూడును మాత్రం మొదటి మజిలీలోనే ముగించేవారు. రోజంతా నడిచే శరీరానికి బెల్లమూ శెనగలూ సత్తువనిచ్చేవి. తిండి విషయంలో ఆ మూటకు వంక పెట్టవలసినది లేదు. అయితే దానిలో ఇమడని వస్తువు ఒకటున్నది. అది నీరు. తిండి ఇంటినుండి వస్తుంది. నీరు మాత్రం దారిలో దొరికినదే తాగాలి.

ఆ కాలపు ప్రయాణంలోని ముప్పు ఎంతటివారినైనా విడువదని చెప్పటానికి సర్ థామస్ మన్రో చరిత్ర చాలును. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించగా, వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో 1807 వరకు ఈ సీమలో పనిచేశాడు. ఊరూరా డేరాలు వేసుకొని తిరిగి పొలాలు కొలిపించి, రైతులతో స్వయంగా మాట్లాడి శిస్తు నిర్ణయించాడు. ఇక్కడి ఎండా దుమ్మూ ఆయనకు కొత్త కావు. 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. 1827లో పదవి విడిచి స్వదేశం వెళ్ళబోతూ, తనకు పరిచయమైన ఈ మండలాలను కడసారి చూచిపోవాలని బయలుదేరాడు. ఆ ఏడు ఈ ప్రాంతంలో కలరా వ్యాపించి ఉన్నది. పరివారంలోని సిపాయిలు కొందరు దానికి బలి అయ్యారు. జూలై 6న పత్తికొండ మకాంలో ఉదయం మన్రోకు జబ్బు సోకింది. ఆ రాత్రికే కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేసిన ఆయన అస్థికలను 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

మద్రాసు నగరంలో 1839లో ఆయనకు అశ్వారూఢ విగ్రహం నిలిపారు. ఇక్కడ మాత్రం జ్ఞాపకచిహ్నాలు వేరుగా వెలిశాయి. పత్తికొండలో ఒక తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించారు. గుత్తిలో సత్రం వెలసింది. ఎండలో నడిచి వచ్చినవానికి నీడ, నీరు, ఆశ్రయం: మెట్టసీమలో పోయినవారి పేరు నిలపటానికి ఇంతకంటె తగిన పద్ధతి ఏమున్నది?

మన్రో మరణించిన మూడేళ్ళకు, 1830 మే 18న, మద్రాసు సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రిటరు ఏనుగుల వీరాస్వామయ్య దాదాపు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. ఆయన మార్గం పొరుగున ఉన్న కడప మీదుగా సాగింది. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ అంగళ్ళున్నవా, సరుకులు దొరుకుతాయా, నీటివసతి ఎట్టిది అని శ్రద్ధగా వ్రాసి పెట్టాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్ర వెనుక వచ్చేవారికి దారి చూపే గ్రంథం కూడా.

కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని 1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు నిదర్శనాలతో చూపాడు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ ఆ వ్యాధి క్రిమిని చెరువునీటిలోనే కనుగొన్నాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని తాగించి వేలమందిని బ్రతికించాడు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపితే చాలునని ఇప్పుడు గృహిణులకు కూడా తెలుసును. మన్రోనాటికి ఈ జ్ఞానం లేదు.

నేడు 44వ నంబరు జాతీయరహదారిమీద గుత్తి, అనంతపురం, పెనుకొండ ఒక పూటలోనే దాటిపోతున్నాము. సెలవులలో లేపాక్షి చూడవచ్చే కుటుంబాలకు కొదవ లేదు. ఇప్పుడు పరిస్థితి తలక్రిందులయింది. పూర్వులు తిండిని మూటకట్టుకొని నీటిని దారికి వదిలారు; మనము నీళ్ళసీసాను వెంట ఉంచుకొని తిండిని దారికి వదిలాము. ఎప్పుడు వేచినదో తెలియని పిండివంటలు, మరలమరల కాగిన నూనె, ఆకలి లేకున్నా ఆగినచోటల్లా ఫలహారం! కాలినడకన పోయినవానికి బెల్లమూ శెనగలూ అవసరమే. బండిలో కూర్చొని పోయేవానికి అంత తిండి అక్కరలేదు.

కనుక నేటి యాత్రికుడు ఆనాటి మూటను మళ్ళీ విప్పి చూడటం మంచిది. రెండు జొన్నరొట్టెలు, గుప్పెడు వేయించిన వేరుసెనగలు, ఒకటి రెండు పండ్లు, ఉప్పువేసిన మజ్జిగ ఉంటే పగటి ప్రయాణానికి లోటుండదు. మజ్జిగను ఎండ ముదరకముందే తాగివేయాలి. బయట తినవలసివస్తే ఎదుట వండి వేడిగా వడ్డించినదే తినాలి. నీటిని మాత్రం ఎన్నడూ అశ్రద్ధ చేయరాదు. పూర్వుల దారిబత్తెంలో చేరని వస్తువు అదొక్కటే. మనకు ఆ లోటు లేదు.