మెటబాలిక్ సిండ్రోమ్ (దక్షిణ తెలంగాణ)
నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్: ఈ అయిదింటిలో మూడు హద్దు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్. దక్షిణాసియా మగవారికి నడుము హద్దు 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. టేపును కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక పట్టాలి. చీరకట్టు మీదుగా పెడితే లెక్క పెరుగుతుంది.

చైనాలో 2000–01 సర్వే ప్రకారం 35–74 ఏళ్ల మగవారిలో 9.8, ఆడవారిలో 17.8 శాతానికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. అక్కడి పల్లెలకన్నా పట్నాల్లో ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో పెద్దవారిలో 39.5 శాతానికి పొట్ట ఊబకాయం ఉందని తేల్చింది. పట్నం జబ్బని పల్లెలు నిశ్చింతగా ఉండే రోజులు పోయాయి.

చిన్నప్పటి తిండి ప్రభావం కూడా ఉండొచ్చు. హైదరాబాద్ సమీప గ్రామాల్లో 1987–90లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) కింద గర్భిణులకూ పసిపిల్లలకూ ఉప్మా పెట్టారు. కౌమారంలో ఆ పిల్లల్లో, ఈ సమస్యతో ముడిపడిన ఇన్సులిన్ నిరోధకత ఇతర పిల్లలకన్నా తక్కువగా కనిపించింది.