మూత బిగించావా?

ఆ మధ్య ఇల్లు మారవలసివచ్చి, మిత్రుని పికప్పు ట్రక్కు అడిగి తెచ్చుకున్నాను. దాని వెనుక తొట్టిపై ఊడదీసి మళ్ళీ అమర్చుకోగల మూడు అల్యూమినియం పలకలున్నాయి. తొట్టి గోడల అంచులకు రెండు పట్టాలను క్లాంపులతో బిగించి, వాటిపై పలకలు పరచి, అడుగు నుండి గొళ్ళేలు వేయాలి. హైవే మీద వేగం పుంజుకోగానే క్యాబును ఆనుకున్న పలక లేచి టపటప కొట్టుకోసాగింది. బండి ఆపి చూస్తే గొళ్ళెం ఊడి ఉంది. ఫోను చేయగానే మిత్రుడు అడిగిన మొదటి మాట: "ఏరా, సరిగ్గా బిగించావా?"

బిగించాననే నా నమ్మకం. కాని నిరూపించేదెలా? మరునాడు అతడే పరిశీలించి, పట్టాను పట్టి ఉంచే క్లాంపు అరిగి జారుతోందనీ, పట్టా పక్కకు ఒరిగితే గొళ్ళెం దానంతటదే విడిపోతుందనీ తేల్చాడు. నా నింద ఒక్క రోజులో తొలగింది. ఇదే నింద మోసిన మరి కొందరున్నారు. వారు బదులు చెప్పుకోవడానికి బ్రతికి లేరు.

సరుకుపై మూత వేయడమన్న సమస్య ట్రక్కులకంటె ఎంతో పాతది. ఓడ పైతట్టు మీద సరుకు దింపే వాకిళ్ళుంటాయి. పూర్వం వాటికి అడ్డంగా దూలాలు వేసి, పైన కొయ్యపలకలు పేర్చి, రెండు మూడు పొరల టార్పాలిను కప్పేవారు. దాని అంచులను ఇనుపబద్దలతో నొక్కిపట్టి, ఆ బద్దలు కదలకుండా ఒకవైపు పలుచగా చెక్కిన కొయ్యముక్కలను సుత్తితో దిగగొట్టేవారు. ప్రతి రేవులోనూ విప్పాలి, ప్రతి ప్రయాణానికీ బిగించాలి. ఇరవయ్యో శతాబ్దంలో ఉక్కుమూతలు వచ్చి ఈ కొయ్యపలకలను తొలగించాయి గాని, వాటిని పట్టి ఉంచే పని మాత్రం మిగిలే ఉంది.

అమెరికా మహాసరస్సులలో తిరిగిన ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అన్న నౌక 1958లో జలప్రవేశం చేసింది. పొడవు 729 అడుగులు. దాని తట్టు మీద 21 వాకిళ్ళు. ఒక్కొక్క దానిపై ఒకే ముక్కగా ఉన్న ఉక్కుమూత. ఒక్కొక్క మూతకు చేతితో బిగించవలసిన 68 క్లాంపులు. లెక్క వేస్తే మొత్తం 1428. 1975 నవంబరు 9న ఇరవై ఆరువేల టన్నులకు పైగా ఇనుపఖనిజపు గుళికలతో విస్కాన్సిన్‌లోని సుపీరియర్ రేవు విడిచింది. మరునాడు తుఫాను. ఒక రెయిలింగు పడిపోయిందనీ, రెండు గాలిగొట్టాల మూతలు పోయాయనీ, ఓడ ఒక పక్కకు ఒరుగుతోందనీ, పంపులు నడుస్తున్నాయనీ కెప్టెను రేడియోలో వెనుక వస్తున్న ఓడకు తెలియజేశాడు. రాత్రి ఏడు దాటాక ఓడ రాడారు నుండి మాయమైంది. 29 మందిలో ఒక్కరూ మిగలలేదు.

శిథిలాన్ని 530 అడుగుల లోతున చిత్రించినపుడు చాలా క్లాంపులు చెక్కుచెదరక కనిపించాయి. బిగించి ఉంటే వంగవలసినవి వంగలేదు గనుక, అవి బిగించి ఉండవని కోస్టుగార్డు అనుమానించింది. వాకిళ్ళ మూతలు సరిగా లేక నీరు లోనికి చేరడమే ప్రధానకారణమని 1977 నివేదిక. సరస్సు నౌకల యజమానుల సంఘం దీనిని అంగీకరించక, ఓడ ముందే మెట్ట నేలను తాకి గాయపడిందని వాదించింది. 1978లో జాతీయ రవాణా భద్రతామండలి అలల బరువుకు మూతలే కూలి ఉంటాయని అభిప్రాయపడింది. పైగా 1969, 1973 మధ్య నిబంధనలు సడలించడం వలన నీటిమట్టానికీ ఓడ తట్టుకూ మధ్య ఉండవలసిన ఎత్తు మూడు అడుగులకు పైగా తగ్గింది. అంటే అలలు మూతల మీదికి ఎక్కడానికి దారి సుగమమైంది. ఆ సడలింపు నావికుడు చేసినది కాదు.

గార్డన్ లైట్‌ఫుట్ 1976లో ఈ దుర్ఘటనపై పాట కట్టాడు. అందులో ఒక మూత తెగిపోయిందని ఉండేది. మూతలు బిగించే బాధ్యత గల నావికుల కుటుంబాల బాధను దృష్టిలో ఉంచుకుని, 2010 నుండి వేదికలపై ఆ చరణాన్ని మార్చి పాడాడు. ఎందరికో కంఠస్థమైన మాటను ముప్పైనాలుగేళ్ళ తరువాత దిద్దుకోవడం చిన్న విషయం కాదు.

రెండవ కథ డెర్బీషైర్‌ది. కెనడా నుండి జపానుకు ఇనుపఖనిజం తీసుకుపోతూ 1980 సెప్టెంబరులో తుఫానులో మునిగింది. 44 మంది పోయారు. బ్రిటిషు నౌకలలో సముద్రం మింగినవాటిలో అంతకంటె పెద్దది లేదు. కుటుంబాలు పోరాడగా, రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య సొమ్ముతో 1994లో శిథిలం కనుగొన్నారు. తరువాత వచ్చిన నివేదికలో ఒక వాక్యం వారి గుండెల్లో పిడుగయింది: ముందుభాగంలోని సామానుగది మూతను నావికులు సరిగా బిగించలేదట! కుటుంబాలు తలవంచలేదు. పునర్విచారణ జరిపిన న్యాయమూర్తి కోల్‌మన్ 2000లో ఆ నిందను కొట్టివేశారు. గాలిగొట్టాలు, గాలిమూతలు అలలకు విరిగి ఆ గదిలోకి నీరు చేరింది, ముక్కు కుంగింది, అలల బరువుకు మొదటి పెద్దమూత కూలింది. ఆ మూత నిబంధనల ప్రకారం చేసినదే. నిబంధనే చాలలేదు. మూతల బలాన్ని పెంచే అంతర్జాతీయ సవరణలు 2005 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. ఇరవై ఏళ్ళు తిరిగి గాని ఆ నలభైనలుగురి పేరు కడిగిన ముత్యం కాలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మనకొక సామెత. ఇక్కడ జరిగింది దానికి తలక్రిందులు. మద్దెల ఓడయితే ఆడినవాణ్ణి నిందించడం. మూత ఎగిరినపుడు బిగించినవాడు కంటి ముందుంటాడు. దాని మందం నిర్ణయించినవాడు, ఎత్తు తగ్గించినవాడు, క్లాంపు అరిగినా మార్చనివాడు కనబడరు. పైగా బిగించినవాడు నీటి అడుగున ఉంటే నింద మోపడం మరీ తేలిక.

కాబట్టి "బిగించావా?" అని అడగవలసిందే. నేనూ ఇప్పుడు ప్రతి ప్రయాణానికి ముందు క్లాంపులను చేతితో కదిపి చూస్తున్నాను. అయితే ఆ ప్రశ్నకు తోడు మరొకటి కూడా అడగాలి: "బిగిస్తే నిలిచేదేనా?" మొదటి ప్రశ్నకు జవాబు పనివాడు చెప్పాలి. రెండవదానికి అతడు కాదు.