ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి రోజులు

మన సంఘం ప్రత్యేక సంచికకు "చదువులు పూర్తయిన పిల్లలకు ఉద్యోగాల విషయంలో నాలుగు మంచిమాటలు రాయండి, మీరు ఆ శాఖలోనే పనిచేశారు కదా" అని కార్యదర్శిగారు అడిగారు. నిజమే, 1970లో ఎల్.డి.సి.గా చేరి 2005లో పదవీ విరమణ చేసేదాకా నా సర్వీసంతా ఉపాధి కల్పన శాఖలోనే గడిచింది. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో చాలా ఏళ్ళు కౌంటరు దగ్గర కూర్చున్నాను. సలహా చెప్పడం సులువే. కానీ మేము అప్పుడు చెప్పిన సలహాలు ఏమయ్యాయో చెప్పకుండా ఇప్పుడు కొత్తవి చెప్పడం నాకు సబబుగా తోచలేదు. అందుచేత ముందు ఆ ఆఫీసు కథ చెబుతాను. మనలో చాలామంది ఇళ్ళల్లోకి మొదటి జీతం ఆ గుమ్మం గుండానే వచ్చింది గనుక ఇది మనందరి కథ కూడా.

మా నాన్నగారి కాలంలో ఉద్యోగం వెతకడమంటే మనిషిని వెతకడమే. ఎవరి ద్వారా వెళ్ళాలి, ఆయనకు చెప్పగలవారెవరు అన్నదే ప్రశ్న. మద్రాసు రాష్ట్రంలో 1929లోనే సర్వీసు కమిషన్ ఏర్పడింది. దేశంలో ఏ రాష్ట్రానికీ అంతకుముందు అలాంటిది లేదు. అయినా పల్లెటూరి కుర్రవాడికి కమిషన్ సంగతి ఎవరు చెబుతారు? మా నాన్నగారు ఊళ్ళో ప్లీడరుగారి చేత ఉత్తరం రాయించుకుని తాలూకా కచేరీలో యాక్టింగ్ గుమాస్తాగా కుదిరారు. ఆ ప్లీడరుగారి ఇంటికి ప్రతి సంక్రాంతికీ కొత్త బియ్యం పంపడం ఆయన బతికున్నంతకాలం మానలేదు. ఉత్తరం దొరకనివాడు ఏమయ్యేవాడని నేను చిన్నప్పుడు అడిగితే, "వ్యవసాయం చేసుకునేవాడు" అన్నారు. పొలం లేనివాడి సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎక్స్చేంజి పుట్టింది మన వంటివారి కోసం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగుస్తుండగా, సైన్యం నుంచి తిరిగివచ్చే లక్షలాది సిపాయిలను ఏదో ఒక పనిలో పెట్టాలని 1945లో కేంద్ర ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేటును నెలకొల్పింది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్ళలో ఇంటికొక సిపాయి ఉన్న రోజులవి. లారీ నడపడం, వైర్‌లెస్ కొట్టడం, ఇంజను విప్పి బిగించడం నేర్చి వచ్చినవారికి ఊళ్ళో ఆ పనులు ఎక్కడున్నాయి? ఎవరికి ఏ పని వచ్చునో కార్డుమీద రాసి, ఆ పని కావలసిన యజమానికి ఆ కార్డు చూపించడమే ఎక్స్చేంజి చేసే పని. దేశ విభజన తర్వాత అక్కడి నుంచి వచ్చిన కాందిశీకులకు కూడా ఈ తలుపులు తెరిచారు. 1948 తొలినాళ్ళలో అందరికీ తెరిచారు.

1952లో బి. శివరావుగారి అధ్యక్షతన వేసిన సంఘం ఈ ఆఫీసుల రోజువారీ పరిపాలన రాష్ట్రాలకు అప్పగించాలని చెప్పింది. అలా అప్పగించిన తేదీ 1956 నవంబరు 1. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ ఆ రోజే, మన పబ్లిక్ సర్వీస్ కమిషన్ మొదలైందీ ఆ రోజే. మా పాత సూపరింటెండెంటుగారు ఈ సంగతి ప్రతి కొత్త గుమాస్తాకూ చెప్పి, "మనమూ రాష్ట్రమూ కవల పిల్లలమోయ్" అని నవ్వేవారు.

తర్వాతది 1959 చట్టం. 1960 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలన్నీ, ఇరవై అయిదుగురు అంతకుమించి పనివాళ్ళున్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్చేంజికి విధిగా తెలియజేయాలి. ఇక్కడ ఒక్క మాట బాగా గమనించాలి. తెలియజేయాలి అన్నారే గాని, మేము పంపినవారినే తీసుకోవాలని చట్టంలో లేదు. లేకపోవడమే కాదు, అలాంటి బాధ్యత యజమానికి లేదని స్పష్టంగా రాసి ఉంది. తెలియజేయకపోతే జరిమానా మొదటిసారి అయిదు వందలు, ఆ తర్వాత వెయ్యి. ఆ అయిదు వందలకు ఏ మిల్లు యజమాని భయపడతాడు? ఇంకో చిత్రం ఏమిటంటే ఆఫీసులో నైపుణ్యం అక్కరలేని పనులను, అంటే మన అటెండరు ఉద్యోగాల వంటివాటిని, ఆ చట్టం మినహాయించింది. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఆ ఉద్యోగమే. ప్రభుత్వ ఉత్తర్వుల పుణ్యమా అని అటెండర్లను కూడా మా ద్వారా తీసుకునేవారు గాని, చట్టం ద్వారా కాదు. మా ఆఫీసుకు అసలు బలం ఆ ఉత్తర్వులే.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా ఆఫీసు చూడాలి. తెల్లవారకముందే వరుస. సద్దిమూటలతో వచ్చేవారు, తండ్రి భుజంమీద చెయ్యేసుకుని వచ్చేవారు, ఇంగ్లీషులో తన పేరు రాయడానికి చెయ్యి వణికేవారు. సర్టిఫికెట్లు చూసి వివరాలు ఎక్స్-1 కార్డుమీద రాసి మా దగ్గర ఉంచుకునేవాళ్ళం. అభ్యర్థి చేతికి ఎక్స్-10 కార్డు ఇచ్చేవాళ్ళం. దానిమీద నంబరు, వృత్తి కోడు, రిజిస్టరైన తేదీ, మళ్ళీ రెన్యువల్‌కు రావలసిన తేదీ ఉండేవి. ఆ కార్డును కుటుంబాలు పట్టాదారు పాసుపుస్తకం దాచినట్టు దాచేవి. దేవుడి పటం వెనక పెట్టుకున్నామని చెప్పినవాళ్ళు నాకు తెలుసు. ఎందుకంత విలువ అంటే, ఆ కార్డుమీద తేదీ ఉంది. ఫలానా రోజున నువ్వు వరుసలోకి వచ్చావు, నీ ముందు ఇంతమంది, నీ వెనక ఇంతమంది. ప్లీడరుగారి ఉత్తరం లేనివాడికి మొదటిసారి దొరికిన హక్కు అది.

మేమిచ్చే సలహా ఒకటే, "టైపు నేర్చుకో." ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యరుకు నలభై అయిదు. షార్టుహ్యాండు కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు. డిగ్రీ పైన చదివినవారికి విశ్వవిద్యాలయాల్లో ఉపాధి సమాచార కేంద్రాలు వేరే ఉండేవి. మా దగ్గరికి వచ్చేవాడికి మాత్రం ఊళ్ళో సందుకొక టైపు ఇన్‌స్టిట్యూటే విశ్వవిద్యాలయం. ఏదైనా ఆఫీసు నుంచి ఖాళీల రిక్విజిషన్ వస్తే, ఆ అర్హతలున్న కార్డులు తీసి, తేదీల వారీగా పేర్చి, జాబితా పంపేవాళ్ళం. టెన్-ఏ-వన్ కింద తాత్కాలికంగా చేరి, తర్వాత స్పెషల్ క్వాలిఫైయింగ్ టెస్టు రాసి, సూపరింటెండెంట్లుగా రిటైరైనవారు మన సంఘంలోనే ఉన్నారు. ఈ వాక్యం చదివి వారు నవ్వుకుంటారని నాకు తెలుసు.

ఇప్పుడు నా స్వంత సంగతి ఒకటి రాయాలి. ఇంతకాలం మా ఇంట్లోవారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1974లో ఒక చేనేత కుటుంబం కుర్రవాడు ఎస్.ఎస్.సి., టైపు హయ్యరు పాసై రిజిస్టరు చేసుకున్నాడు. ప్రతి రెన్యువల్‌కూ చెప్పిన తేదీకంటే ముందే వచ్చేవాడు. 1979లో మాత్రం గడువూ, దానిమీద ఇచ్చే వెసులుబాటూ రెండూ దాటి పదకొండు రోజులకు వచ్చాడు. తండ్రిని ఆసుపత్రిలో పెట్టామన్నాడు, చీటీ కూడా చూపించాడు. రూలు ప్రకారం పాత కార్డు చెల్లదు, కొత్తగా రిజిస్టరు చేయాలి, అయిదేళ్ళ సీనియారిటీ పోతుంది. కాని కారణం రాసి ఆఫీసరుగారి ముందు ఫైలు పెడితే పరిశీలించే వీలు ఉండేది. ఆ ఫైలు పెట్టడం నా పని. ఆ రోజు వరుస వీధిదాకా ఉంది, మధ్యాహ్నం మూడయినా నేను భోజనానికి లేవలేదు. "రూలు ఒప్పుకోదయ్యా" అని కొత్త కార్డు రాసి ఇచ్చేశాను. అతను ఏమీ అనలేదు. కార్డు తీసుకుని, తేదీ చూసుకుని, వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఒక ఆఫీసు నుంచి టైపిస్టులు కావాలని రిక్విజిషన్ వచ్చింది. జాబితా నేనే తయారుచేశాను. 1974 చివరిదాకా కార్డులు లాగవలసి వచ్చింది. అతని కార్డు 1979 కట్టలో ఉంది. చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ అక్కడే పెట్టాను. తర్వాత అతను కోర్టు ముందు చెట్టుకింద మిషను పెట్టుకుని అర్జీలు కొడుతుండగా చాలాసార్లు చూశాను. ఆ దారిన వెళ్ళడం తగ్గించుకున్నాను.

శాఖ కథకు వస్తాను. 1980ల నాటికి మా లైవ్ రిజిస్టరు చాలా బరువెక్కింది. అందులో ఉన్నవారంతా నిరుద్యోగులని పత్రికలు రాసేవి. అది సరికాదు. ఉద్యోగంలో ఉండి ఇంకా మంచిదాని కోసం కార్డు ఉంచుకున్నవారు, పెళ్ళై వెళ్ళిపోయినవారు, ఆశ వదులుకుని కూడా అలవాటుగా రెన్యువల్ చేయించేవారు అందరూ ఉన్నారు. ఉద్యోగాలు మాత్రం పెరగలేదు. కాల్ లెటరు ఇంటర్వ్యూ అయిపోయాక అందిందని ఏడ్చినవారున్నారు, వయసు దాటాక వంతు వచ్చినవారున్నారు. ఎక్స్చేంజి బయటినుంచి దినకూలీలుగా చేరినవారు ఆఫీసుల్లో నిండిపోయారు. 1994లో వచ్చిన రెండో నంబరు చట్టం ఆ దారి మూసింది. అదే ఏడు 212 జీవో వచ్చి, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండినవారికి క్రమబద్ధీకరణ అన్నది. ఆ తేదీకి నాలుగేళ్ళ పది నెలలు నిండినవారి ముఖాలు మనం మరచిపోలేదు.

కోర్టుల మాట కూడా చెప్పాలి, రెండు తీర్పులూ మన రాష్ట్రం కేసులే. 1987లో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డిగారు, ఎక్స్చేంజి ద్వారానే తీసుకోవాలని 1959 చట్టం బలవంతపెట్టదు గాని, ప్రభుత్వం తన ఆఫీసులకు అలాంటి నియమం పెట్టుకుంటే తప్పులేదన్నారు. 1996లో కృష్ణాజిల్లా ఎక్సైజు శాఖ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఎక్స్చేంజికి రాయడంతో సరిపోదు, పత్రికల్లో కూడా ప్రకటించాలి, నోటీసు బోర్డుమీద పెట్టాలి, రేడియోలోనో టీవీలోనో చెప్పాలి, వచ్చినవారందరినీ పరిశీలించాలి అన్నది. న్యాయమైన తీర్పే. కార్డు లేనివాడు మనిషి కాడా? కాని ఆ తీర్పుతో మా వరుసకు అర్థం పోయిందని ఆఫీసులో అందరికీ తెలిసింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మా కౌంటరు ముందు కుర్రవాళ్ళు పలచబడ్డారు. వాళ్ళు అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల వరుసలో ఉన్నారు.

2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీసు అని ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడు మా 1959 చట్టాన్ని రద్దుచేసి, ఎక్స్చేంజికి బదులు కెరీర్ సెంటర్ అన్న పేరు పెట్టింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. యజమాని ఖాళీ తెలియజేయాలి, అక్కడినుంచే తీసుకోవాలని లేదు అన్న మాట అందులోనూ అలాగే ఉంది. చదివి నవ్వు వచ్చింది.

మా అమ్మాయి కొడుకు బి.టెక్. పూర్తిచేసి ఎనిమిది నెలలైంది. రాత్రిళ్ళు ఫోను ముందు కూర్చుని అర్జీలు పంపుతుంటాడు. "ఎన్ని పంపావురా" అంటే "లెక్కలేదు తాతయ్యా" అంటాడు. జవాబు రాదు. రాదని కూడా ఎవరూ చెప్పరు. తన ముందు ఎంతమంది, వెనక ఎంతమంది వాడికి తెలియదు. వాడికి నేను చెప్పింది రెండే. ఉద్యోగమిస్తామని ముందుగా డబ్బు అడిగినవాడు ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా మోసగాడే, ఆ మాట మా రోజుల నుంచీ నిజం. రెండోది, ఒక్క పిలుపు కోసం కూర్చుని తక్కినవన్నీ ఆపుకోవద్దు. ఈ రెండోది మేము ఎవరికీ చెప్పలేదు. "రెన్యువల్ మరచిపోకు, వంతు వస్తుంది" అనే చెప్పి పంపేవాళ్ళం. కొందరికి వచ్చింది. రానివాళ్ళు పదేళ్ళు మా మాట పట్టుకుని కూర్చున్నారు.

2019 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ షాపుకు వెళ్ళాను. లోపల కూర్చున్నది అతనే. జుట్టు తెల్లబడింది, పక్క మిషను దగ్గర కొడుకు. నా వేలిముద్ర పడలేదు. వేలు తుడిచి మళ్ళీ పెట్టించాడు. నాలుగోసారికి పడింది. అప్పుడు తలెత్తకుండానే, "మీరు కౌంటరులో ఉండేవారు కదండీ" అన్నాడు.

ఇక దాచలేక ఆ ఫైలు సంగతి చెప్పేశాను. పెట్టవచ్చుననీ, పెట్టలేదనీ.

"తెలుసండీ. మీ అటెండరు అప్పుడే చెప్పాడు" అన్నాడు.

కాగితం ప్రింటు తీసి, నా పేరు సరిగా పడిందో లేదో చూసి, చేతికిచ్చాడు. ఎంతయ్యిందని అడిగాను. ముప్ఫై రూపాయలన్నాడు. యాభై ఇస్తే ఇరవై లెక్కపెట్టి వెనక్కి ఇచ్చి, "తర్వాతెవరండీ" అని నా వెనక ఉన్న ముసలాయన్ని పిలిచాడు.