స్వరపేటికా కాన్సరు: రోగనిర్ణయము

స్వరపేటికయందు పుట్టు రాచపుండును గుర్తించు విధానము. ప్రధానముగా పొగాకు, మద్యముల సేవనమువలన కలుగు ఈ వ్యాధి స్వరతంత్రులపై పుట్టినచో బొంగురుగొంతుతో ముందుగనే బయటపడును. ఎగువను పుట్టినచో మ్రింగుటలో నొప్పియో, చెవిపోటో, మెడలో గడ్డయో కనిపించువరకు మరుగుననుండుటయు కలదు. మూడు వారములు మించిన బొంగురు పరీక్షార్హము.

వైద్యుడు మెడను తడిమి చూచి, పిదప 1854లో గాయనాచార్యుడగు మాన్యుయెల్ గార్సియా తన గొంతును తానే దర్శించిన పద్ధతి ననుసరించి, ఆవిరి పట్టకుండ వెచ్చజేసిన చిన్న అద్దమును అంగిలి వెనుక నుంచియో, ముక్కుగుండ సన్నని ఎండోస్కోపును పంపియో, రోగిచే ‘ఈ’ యని పలికించుచు తంత్రుల కదలికను పరికించును. తంత్రి కదలకుండుట వ్యాధి లోతునకు సూచకము. క్షయవ్రణమును కంటికి ఇట్లే తోచుటకు వీలున్నందున, నిశ్చయము బయాప్సీవలననే సిద్ధించును: మత్తునిచ్చి, లారింగోస్కోపుద్వారా తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, పెక్కింట పొలుసుకణముల కాన్సరు కానవచ్చును. వ్యాధి మృదులాస్థికిని, మెడ గ్రంథులకును ప్రాకిన తీరును సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు తెలిపి దశానిర్ణయమునకు తోడ్పడును.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు చేరువనున్న మొఘల్‌పురా వాసులకు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాలయు, రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు సంస్థయు ఇందుకు అందుబాటులోనున్న ప్రభుత్వ వైద్యశాలలు.